ఆ రెండో ‘ఎం’ ఎవరిది?

పాత జీపులకు మళ్లీ రోజులొచ్చాయి. తెనాలిలో, బాపట్లలో, రేపల్లెలో కలిగినవాళ్ల వాకిళ్లలో, మిల్లు షెడ్లలో నలభై ఏళ్లనాటి జీపులు బోల్టు బోల్టుగా ఊడి పడుకునివున్నాయి. బాడీ ఒకచోట, ఛాసిస్ ఒకచోట, గేరుబాక్సు గోనెసంచి మీద. ఇంటాయన ఫోటో తీసి అమెరికాలో ఉన్న బావమరిదికి పంపుతాడు. ‘నేనే విప్పా, నేనే బిగిస్తున్నా’ అంటాడు. సరే. ఆ ఫోటోలో పానా పట్టిన చెయ్యి ఎవరిదో చూడండి. ముఖం ఉండదు. ముఖం అక్కర్లేదు కాబట్టి పక్కకు జరగమన్నారు. గోళ్ల సందుల్లో గ్రీజు మాత్రం కనబడుతుంది. ఆ గ్రీజు మాది.

మేం మాట్లాడదలచింది ఈ చెయ్యి గురించే.

ముందు బండి పుట్టుక సంగతి. 1945 అక్టోబరు 2న లూధియానాలో ఒక ఉక్కు వ్యాపార కంపెనీ పెట్టారు. పేరు మహీంద్రా అండ్ మహమ్మద్. ఇద్దరు మహీంద్రా సోదరులు, వాళ్లతో మాలిక్ గులాం మహమ్మద్. 1947లో ఈ కంపెనీయే విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి ఇక్కడ బిగించడం మొదలుపెట్టింది. దేశం చీలింది. గులాం మహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి దాని మొదటి ఆర్థికమంత్రి అయ్యాడు, 1951లో గవర్నర్ జనరల్ కూడా అయ్యాడు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. అక్షరాలు మాత్రం అవే, ఎం అండ్ ఎం. రెండో ‘ఎం’ లోపల ఉన్న మనిషి మారిపోయాడు.

ఆయన కోసం మేం ఏడవడం లేదు. ఆయన పెద్దింటి మహమ్మద్. పదవి ఎటుంటే అటు వెళ్లాడు. ఆయన మాకేమీ కాడు. వెళ్లని మహమ్మదులు మేం. మస్తానులం, ఖాసింలం, నాగూరులం. కృష్ణ పశ్చిమ డెల్టా కాలవగట్ల పక్కన రేకుల షెడ్డు వేసుకుని, ఆ బిగించిన జీపుల్ని డెబ్బై ఏళ్లుగా ఊడదీసి మళ్లీ బిగిస్తున్నవాళ్లం. అయినా పాకిస్తాన్ పొమ్మనేది ఎవర్ని? వెళ్లినవాణ్ణి కాదు, ఉన్నవాణ్ణి!

ఈ పని ఏమిటో తెలియకుండా ‘మెకానిక్కే కదా’ అంటారు గనక కొంచెం చెబుతాం. బాపట్ల బండి వేరు, తెనాలి బండి వేరు. సూర్యలంక వైపు తిరిగిన జీపుకి ఉప్పుగాలి లోపల్నుంచి తింటుంది. పైన రంగు నిగనిగలాడుతుంది, సుత్తితో మెల్లగా తడితే ఫ్లోరు బొక్క పడుతుంది. తుప్పు పట్టిన బోల్టుని బలం పెట్టి తిప్పితే తెగుతుంది. ముందురోజు రాత్రే కిరసనాయిలు పోసి నానబెట్టాలి. వినకపోతే గ్యాసుతో ఎర్రగా కాల్చి, చల్లారేలోపు ఒక్క పట్టు. ఎప్పుడు ఆపాలో చేతికి తెలియాలి, పుస్తకంలో ఉండదు. బాడీ పైకెత్తాక ఛాసిస్ వంకర పోయిందేమో దారం పట్టి ఐమూలగా రెండువైపులా కొలవాలి. రెండు కొలతలూ కలవకుండా వెల్డింగు పెడితే ఆ బండి జన్మంతా ఒక పక్కకే లాగుతుంది. సీజే–3బి పెట్రోలు ఇంజనులో గాలి లోపలికొచ్చే వాల్వులు పైన హెడ్డులో, పొగ బయటికెళ్లేవి కింద బ్లాకులో ఉంటాయి. అందుకే ఇంజను పొడుగైంది, దాంతో బానెట్టు ఎత్తుగా పెట్టారు. అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే పైవాటికి 18, కిందివాటికి 16 భాగాల సందు వదలాలి. ఏడో తరగతిలో బడి మానేసిన ఉస్తాద్ ఈ లెక్క ఫీలర్ గేజి ఆకు జారే తీరుని బట్టి చెబుతాడు. దీన్ని ఇంజనీరింగు అనరు. మా చేతిలో ఉంది కాబట్టి ‘తురకోళ్ల రిపేరు’ అంటారు!

అసలు మరమ్మతు అనే మాట ఎక్కణ్ణుంచి వచ్చింది? అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మీ నోటికి వచ్చింది. జీపు కింద కమాను కట్టల్లో కమాను ఫార్సీది. మిస్త్రీ పోర్చుగీసు నుంచి దిగాడు. మా షెడ్డులో తెలుగూ ఉర్దూ ఇంగ్లీషూ ఒకే డబ్బాలో నట్లూ వాషర్లూ ఉన్నట్టుంటాయి. హైదరాబాదు వెళితే మా ఉర్దూ చూసి నవ్వుతారు. ఇక్కడేమో ‘మీకు తెలుగు బాగా వచ్చే’ అని ఆశ్చర్యపోతారు. మాకు రాక ఇంకెవరికి వస్తుంది?

ఇప్పుడు కొత్త జబ్బు ‘ఒరిజినల్’. 2021లో కేంద్ర ప్రభుత్వం వింటేజి బండ్లకు నియమాలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటాలి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు. అప్పుడే ప్రత్యేక నంబరు, ఇరవై వేలు ఫీజు. పాత వస్తువుని కాపాడాలనుకోవడం తప్పనం. కానీ డెల్టాలో ఏ జీపు యాభై ఏళ్లు బతికింది? పెట్రోలు తాగి యజమానిని ముంచుతుంటే మేం డీజిలు ఇంజను దించి ఎక్కించినదే బతికింది. దానికోసం కొత్త మౌంటింగులు కోశాం, పదిమంది ఎక్కేలా వెనక సీట్లు వేశాం. మార్చనిది షెడ్డులో కుళ్లింది, లేదా తూకానికి పోయింది. బతికించిన మార్పే ఇవాళ దాని దోషమైంది. కల్తీ లేని ఇంజను, కల్తీ లేని భాష, కల్తీ లేని భారతీయుడు... ఈ ఒరిజినల్ పిచ్చి జీపు దగ్గర ఆగేది కాదని మాకు బాగా తెలుసు.

2025 ఏప్రిల్ 14న హిస్సార్ సభలో ప్రధానమంత్రి ఏమన్నారు? వక్ఫ్ ఆస్తులు నిజాయితీగా వాడివుంటే ముస్లిం కుర్రాళ్లు సైకిలు పంక్చర్లు వేసుకుంటూ బతకాల్సి వచ్చేది కాదన్నారు. వక్ఫ్ ఆస్తులు తిన్నవాళ్ల లెక్క మేమే తేలుస్తాం, ఆ తగువు మా ఇంట్లో ఉంది. కానీ పంక్చరు వేయడం ఎప్పట్నుంచి తిట్టయింది? ఇదే ప్రభుత్వం 2023లో విశ్వకర్మ పథకం పెట్టి 18 చేతివృత్తులకు గుర్తింపు కార్డులు, పనిముట్లు, అప్పులు ఇస్తానంది. కమ్మరి ఉన్నాడు, తాళాలు చేసేవాడున్నాడు, వలలు అల్లేవాడున్నాడు. ఉండాల్సిందే. మోటారు మెకానిక్కు లేడు. ఉస్తాద్ నుంచి శాగిర్దుకి మూడు తరాలుగా దిగుతున్న పని సంప్రదాయం కాదట!

మా లోపలి పెద్దమనుషుల్నీ వదలం. శుక్రవారం అత్తరు పూసుకుని మొదటి వరసలో కూర్చునే సాహెబులు మెకానిక్కు ఇంటికి పిల్లనివ్వరు. పంక్చరు మాటకి కోపం తెచ్చుకునేది వీళ్లే, తమ కారు తుడిచే పన్నెండేళ్ల చోటూని బడికి పంపమని ఉస్తాద్‌కి ఒక్కమాట చెప్పనిదీ వీళ్లే. ఆ చోటూ అంగుళాన్ని వెయ్యి చేయడం నేర్చుకుంటున్నాడు, పదో తరగతి లెక్కలు మాత్రం అతనికి అందవు. ఐటీఐ గుమ్మం ఎక్కడు. రేపు కంపెనీ సర్వీసు సెంటరులో కాగితం అడిగితే ఏం చూపిస్తాడు? చేతులా?

‘కూలి ఇచ్చాం కదా’ అంటారు బండి యజమానులు. ఇచ్చారు, కాదనం. బేరమాడి ఇచ్చారు. ఆర్నెల్లు మీ వేపచెట్టు కింద చైనుపుల్లీ కట్టి, మీ ఇంటి చివర విడి గ్లాసులో టీ తాగి చేసిన పనికి కూలి ముట్టింది. పేరు ముట్టలేదు. ఈసారి జీపు రంగేసి రోడ్డెక్కించేటప్పుడు డ్యాష్‌బోర్డు మూల ఒక చిన్న రేకు కొట్టించండి. రంగు వేసినవాడు, డెంటింగు చేసినవాడు, ఇంజను కట్టినవాడు, ఊరు, సంవత్సరం. ఆ రేకు ఖర్చు మేం పెట్టుకుంటాం.