నోరు కట్టుకోమనే పెద్దలకు

ఆమధ్య తిరుమలగిరిలో ఒక దవాఖానా వరండాలో కూర్చుని ఉన్నాను. లోపలి నుంచి వైద్యుని గొంతు వినవచ్చింది. "ఎన్నిసార్లు చెప్పాలమ్మా? నోరు కట్టుకోకపోతే షుగర్ ఎట్ల తగ్గుతది?" కూలికి పోయే ఆ తల్లి ఇచ్చిన సమాధానం నన్నింకా వదలలేదు. "కట్టుకుంటనే ఉన్న సారూ. కడుపే ఊకుంటలేదు."

ఆ గదిలో శాస్త్రానికి దగ్గరగా మాట్లాడినది ఆమేనని నా వాదన.

1999లో జపాను శాస్త్రవేత్తలు కొజిమా, కంగావా జీర్ణాశయంలో పుట్టే ఒక హార్మోనును కనుగొన్నారు. దాని పేరు గ్రెలిన్. భోజనానికి ముందు అది రక్తంలో పెరుగుతుంది, తిన్న తరువాత తగ్గుతుంది. మెదడుకు ఆకలి కబురు మోసే వాటిలో ముఖ్యమైనది అదే. దాని పని అంతటితో ఆగదు. మనుషులకు గ్రెలిన్ ఎక్కించి చూసినప్పుడు క్లోమం ఇన్సులిన్‌ను తక్కువగా విడుదల చేసింది, కండరాలు ఇన్సులిన్ మాట వినడం తగ్గించాయి, రక్తంలో చక్కెర పెరిగింది.

ఇది శరీరం చేసే ద్రోహం కాదు, కరువుకాలపు ముందుచూపు. గ్రెలిన్‌ను పనిలో పెట్టే ఎంజైము లేని ఎలుకలను అర్ధాకలితో ఉంచినప్పుడు వాటి చక్కెర ప్రాణాపాయ స్థాయికి పడిపోయిందని 2010లో తేలింది. పస్తుల రోజుల్లో ప్రాణం నిలిపే ఏర్పాటునే మనం తిండిపోతుతనమని తిడుతున్నాము.

మరొక సంగతి. 2002లో అమెరికాలో కమ్మింగ్స్ బృందం, ఆరు నెలలు తిండి తగ్గించి 17 శాతం బరువు దిగిన స్థూలకాయులను పరీక్షించింది. వారి గ్రెలిన్ 24 శాతం పెరిగింది. అంటే నోరు కట్టుకున్నకొద్దీ కడుపు మరింత గట్టిగా అరుస్తుందన్నమాట. ఆ అరుపును మనోబలం లేకపోవడమని పిలవడానికి మనకు నోరెలా వస్తోంది?

ఇంతకూ ఇన్సులిన్ మాట వినని శరీరం ఎక్కడ తయారవుతుంది? జవాబు మన దగ్గరే ఉంది. 1987–90 మధ్య హైదరాబాదు పరిసరాలలోని 29 పల్లెలలో జాతీయ పోషకాహార సంస్థ ఒక పరిశోధన చేసింది. 15 పల్లెలలో గర్భిణులకు, ఆరేళ్ళలోపు పిల్లలకు రోజూ అదనపు ఆహారం అందింది. మిగిలిన పల్లెలలో అందలేదు. పదిహేనేళ్ళ తరువాత ఆ పిల్లలను పరీక్షిస్తే, ఆహారం అందిన పల్లెల వారిలో ఇన్సులిన్ నిరోధం దాదాపు 20 శాతం తక్కువగా కనిపించింది. ఈ ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. అమ్మ కడుపులో ఉండగా కుదరని లెక్కకు నలభయ్యవ ఏట రోగిని దోషిగా నిలబెట్టడం ఏ న్యాయం?

పథ్యం వద్దని నేననడం లేదు. చక్కెర వ్యాధికి పథ్యం, మందు రెండూ కావలసిందే. "తగ్గించు" అన్నవారు "దీనికి బదులు ఇది తిను" అని కూడా చెప్పాలంటున్నాను. 2025 జూలై 14న ఇదే తిరుమలగిరిలో ముఖ్యమంత్రి కొత్త రేషను కార్డుల పంపిణీ ప్రారంభించారు. కార్డు మీద మనిషికి నెలకు ఆరు కిలోల సన్నబియ్యం. సంతోషం, కాదనను. కానీ పప్పు ఏది? ఒకప్పుడు ఈ మెట్టనేలలో ఇంటింటా ఉడికిన జొన్న గటక ఏది? పళ్ళెంలో అన్నం తప్ప మరేమీ లేని మనిషికి అన్నం తగ్గించమని చెప్పడం వైద్యం కాదు, పస్తు శిక్ష.

నాతో విభేదించేవారు తప్పక వాదించండి, వింటాను. కాకపోతే ఒక్క పూట పస్తుండి, ఎండలో కలుపు తీసి, ఆ తరువాత వచ్చి వాదించండి.