సాఫ్ట్‌వేర్ పనైపోయిందట!

"సాఫ్ట్‌వేర్ పనైపోయింది బావా. మావోణ్ని రాజీనామా పెట్టమన్న. ఇగ చిప్ డిజైనే."

కొత్తపేటలో ఓ పెళ్లి విందులో మా దూరపు చుట్టం ఒకాయన అన్న మాట ఇది. అంటూ అంటూనే రెండోసారి బిర్యానీ పెట్టించుకున్నాడు. కొడుకు ఒక బ్యాంకు ప్రాజెక్టులో జావా రాస్తాడు. ఉద్యోగం పోలేదు, పోతుందని ఎవరూ చెప్పనూ లేదు. 2025 జులైలో టీసీఎస్ దాదాపు 12 వేల మందిని ఇంటికి పంపుతోందన్న వార్త తండ్రి చెవిన పడింది, అంతే. "మరి చిప్ డిజైన్‌లో మీవాడు ఏం పని చేస్తాడు?" అని అడిగాను. "అదే, ఫోన్లల్ల పెడ్తరు గదా, అది" అన్నాడు.

ఆయన్ని అని లాభం లేదు. అది ఆయన మాట కాదు, ఫ్లెక్సీల మాట. దిల్‌సుఖ్‌నగర్ నుంచి గడ్డిఅన్నారం మీదుగా ఎల్బీనగర్ దాకా ఏ హాస్టల్ సందులోకి తొంగిచూసినా ఇదే కనిపిస్తోంది: ఆరు నెలల్లో వీఎల్‌ఎస్ఐ (అంటే చిప్ డిజైన్) ఇంజినీర్, ఏ బ్రాంచి వాళ్లయినా చేరవచ్చు, వంద శాతం ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్. ఆ 'అసిస్టెన్స్' మాత్రం చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది.

ఈ రోడ్డుకి ఇదేమీ కొత్త కాదు. వైటూకే రోజుల్లో మెయిన్‌ఫ్రేమ్ అన్నారు. ఆ గాలి తగ్గగానే మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అన్నారు. తర్వాత శాప్, టెస్టింగ్ టూల్స్, హడూప్, డేటా సైన్స్. అవే బెంచీలు, అదే ఏసీ, చాలా చోట్ల అదే కౌన్సెలర్ మేడమ్. బోర్డు మీద పేరొక్కటే మారుతుంది. ప్రతిసారీ ముందుగా చెప్పే మాట ఒకటే: "పాతదాని పనైపోయింది." ఆ మాట లేకపోతే కొత్త కోర్సు అమ్ముడుపోదు.

ఇందులో నాకు ఒళ్లు మండే సంగతి ఇంకొకటుంది. ఇన్నేళ్లుగా ఈసీఈ చదివిన పిల్లల్ని సాఫ్ట్‌వేర్‌లోకి తోసిందెవరు? ట్రాన్సిస్టర్ గురించి నాలుగేళ్లు చదివినవాణ్ని "కోర్‌లో ఏముందిరా, జావా నేర్చుకో" అని అమీర్‌పేట కోచింగ్‌లకి బస్సెక్కించింది, ఇప్పుడు చిప్ అంటున్న ఈ పెద్దలే. కాలేజీలు కోర్ బ్రాంచిల సీట్లు కోసుకుని కంప్యూటర్ సైన్స్ సీట్లు పెంచుకున్నాయి. దానికి ఏఐ అనీ ఎంఎల్ అనీ తోకలు తగిలించాయి. ఏ ల్యాబ్‌లో దుమ్ము పేరుకుందో చూసిన నాథుడు లేడు. 2023లో ఏఐసీటీఈ వీఎల్‌ఎస్ఐకి ప్రత్యేకంగా బీటెక్ సిలబస్ తెచ్చింది, సంతోషం. కానీ నాలుగేళ్లలో కాలేజీ నేర్పలేకపోయినదాన్ని, మెస్ పైన రేకుల షెడ్డులో ఆరు నెలల్లో నేర్పేస్తామంటే నమ్మడానికి ఇంతమంది ఎలా దొరుకుతున్నారు?

సాఫ్ట్‌వేర్‌లో ఉద్యోగాలు పోతున్నాయి, చిప్స్‌లో పోవు అనే వాదన గురించి రెండు ముక్కలు చాలు. 2024 ఆగస్టులో ఇంటెల్ 15 వేల మందిని తీసేస్తామని ప్రకటించింది. ఇంటెల్ చేసేది పచ్చళ్లు కాదు, చిప్పులే. ఇక ఏఐ భయమా? సినాప్సిస్ 2020లోనే చిప్ డిజైన్‌కి ఏఐ సాధనం తెచ్చింది, ఆ మరుసటేడు కేడెన్స్ కూడా తెచ్చింది. ఆ దెయ్యం ఈ గడప కూడా తొక్కింది.

అసలు సంగతి వేరే ఉంది. చిప్ డిజైన్ చూడ్డానికి సాఫ్ట్‌వేర్‌లాగే ఉంటుంది. అదే కొంప ముంచేది. చిప్ లోపలి తర్కాన్ని వర్ణించడానికి వాడే వెరిలాగ్ భాష 1984 ప్రాంతంలో గేట్‌వే అనే చిన్న అమెరికన్ కంపెనీలో పుట్టింది. ఆ కంపెనీ పెట్టిన ప్రభు గోయెల్ మనదేశం నుంచి వెళ్లినవాడే. భాష చూస్తే సీకి తమ్ముడిలా ఉంటుంది: ఇఫ్ ఉంది, ఫర్ లూప్ ఉంది, కేస్ ఉంది. జావా కుర్రాడు మొదటి వారమే "అరె, ఇదంతా నాకొచ్చిందే" అనుకుంటాడు.

ఎనిమిదిసార్లు తిరిగే ఫర్ లూప్ రాశాడనుకోండి. సాఫ్ట్‌వేర్‌లో అయితే ఒకే పనిని ఒకదాని తర్వాత ఒకటిగా ఎనిమిదిసార్లు చేస్తుంది. ఇక్కడ ఆ లూప్ సింథసిస్‌లోకి (రాతను సర్క్యూట్‌గా మార్చే దశలోకి) వెళ్లాక ఎనిమిది సర్క్యూట్లయి సిలికాన్ మీద కూర్చుంటుంది. లూప్‌లో అంకె పెంచితే టైమ్ కాదు, జాగా పెరుగుతుంది, కరెంటు ఖర్చు పెరుగుతుంది. ఇంకొకటి చూడండి. ఏ, బీ అనే రెండు విలువల్ని తారుమారు చేయాలంటే సాఫ్ట్‌వేర్ చదివిన ప్రతివాడూ మూడో డబ్బా అడుగుతాడు. వెరిలాగ్‌లో 'తక్కువ' గుర్తు పక్కన 'సమానం' గుర్తు పెట్టి ఏలోకి బీ, బీలోకి ఏ అని రెండు వరుసలు రాస్తే చాలు. క్లాక్ అంచు రాగానే రెండూ ఒకేసారి మారిపోతాయి. మూడో డబ్బా అక్కర్లేదు. అక్కడ పొరపాటున ఉత్త 'సమానం' పెట్టాడా, రెండింట్లోనూ ఒకే విలువ మిగులుతుంది. ఇది వ్యాకరణం తప్పు కాదు, ఆలోచన తప్పు. వరసగా ఆలోచించడం అలవాటైన బుర్ర, అన్నీ ఏకకాలంలో జరిగే చోటికి వచ్చి తడబడటం అది. ఆ అలవాటు మారడానికి ఎంతకాలం పడుతుందో మనిషిని బట్టి ఉంటుంది. ఫ్లెక్సీని బట్టి ఉండదు.

పైగా సాఫ్ట్‌వేర్‌లో తప్పు దొర్లితే రాత్రికి ప్యాచ్ పంపిస్తారు. చిప్ ఒకసారి టేపవుట్ అయి, అంటే డిజైన్ ఖరారై, ఫ్యాబ్‌కి (చిప్పులు తయారుచేసే కర్మాగారానికి) వెళ్లిందంటే తప్పు రాయిలా బిగుసుకుంటుంది. 1994లో పెంటియం భాగహారంలో తప్పు బయటపడి, చిప్పులు మార్చివ్వడానికి ఇంటెల్ 47.5 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది. అందుకే చిప్ డిజైన్‌లో ఇంజినీర్ల శ్రమలో సగానికి పైగా వెరిఫికేషన్‌కే, అంటే తప్పులు వెతకడానికే, పోతుంది. ఆరు నెలల్లో తయారైనవాణ్ని ఈ పనిలో ఎవరు నమ్ముతారు?

గడ్డిఅన్నారం వాళ్లకి వాళ్ల భాషలోనే చెబుతాను. ఇక్కడి పండ్ల మార్కెట్ 2021లో బాటసింగారం తరలిపోయింది గానీ, ఎండాకాలంలో కార్బైడ్ పెట్టి మగ్గేసిన మామిడి ఎలా ఉండేదో ఇంకా ఎవరూ మరిచిపోలేదు. పైన బంగారం రంగు, కొరికితే పులుపు. ఆరు నెలల చిప్ ఇంజినీర్ అదే సరుకు.

ఇప్పుడు నేను అసలు రాయాలనుకున్న దగ్గరికి వస్తాను: ఎక్స్‌పీరియన్స్ పెట్టించడం. తెలియని తెలుగు ఇల్లుందా? ఫ్రెషర్‌గా ఎవరూ తీసుకోవడం లేదని, ఊరూపేరూ లేని కన్సల్టెన్సీ నుంచి మూడేళ్ల అనుభవం ఉన్నట్టు లెటర్లు, పేస్లిప్పులు, వీలైతే పీఎఫ్ కూడా. సాఫ్ట్‌వేర్‌లో ఈ మోసం దశాబ్దాలుగా నడిచింది, ఇప్పటికీ నడుస్తోంది. ఇంటర్వ్యూలో వీడి బదులు వేరొకడు మాట్లాడిన సందర్భాలూ ఉన్నాయి. లోపల పడ్డాక ఏదో మూల సర్దుకునేవాళ్లు, గూగుల్ చూసి గట్టెక్కేవాళ్లు. మా బంధువుల్లోనే ఒక కుర్రాడితో ఇలాంటి కన్సల్టెన్సీ ఒకటి లక్షలు కట్టించుకుని, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికాక ఫోనెత్తడం మానేసింది. పేరు రాయను. రాసినా ఈపాటికి బోర్డు మారి ఉంటుంది.

ఇప్పుడు ఆ సరుకునే వీఎల్‌ఎస్ఐ పేరుతో అమ్ముతున్నారు. జావాలో ఉన్న నాలుగేళ్లని ఫిజికల్ డిజైన్ (చిప్ లేఅవుట్ పని) నాలుగేళ్లుగా మార్చి చూపిస్తామంటున్నారు. సిగ్గుందా అని అడగాలనిపిస్తుంది. చిప్ కంపెనీ ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చునేవాడు సాధారణంగా నిజంగా చిప్ చేసినవాడే. "టేపవుట్ అయ్యాక, చిప్ చేతికొచ్చాక హోల్డ్ వయలేషన్ బయటపడింది. క్లాక్ స్పీడు తగ్గిస్తే సరిపోతుందా?" అని అడుగుతాడు. అరువు అనుభవం మోసుకొచ్చినవాడు "సరిపోతుంది సార్" అంటాడు. సెటప్ తప్పయితే డేటా ఆలస్యంగా వచ్చినట్టు, క్లాక్ నెమ్మదిస్తే ఎలాగో బతుకుతుంది. హోల్డ్ తప్పంటే డేటా ఉండాల్సినంతసేపు ఉండకుండా మారిపోయినట్టు. క్లాక్‌ని ఎంత నెమ్మది చేసినా ఆ చిప్ చచ్చిన చిప్పే. ఒక్క ప్రశ్న, ఒక్క నిమిషం, మొత్తం బండారం బయట. పైగా ఈ రంగంలో జనం తక్కువ, అందరికీ అందరూ తెలుసు. ఒక్క కంపెనీలో దొంగగా పట్టుబడితే తర్వాత ఏ గేటు దగ్గరా మర్యాద దక్కదు.

పిల్లల్ని తిట్టడం లేదు. కట్టించుకున్నవాళ్లని, కట్టమన్నవాళ్లని అంటున్నాను.

మధ్యలో ఈ కోర్సులు అమ్మేవాళ్లు చెప్పే దేశభక్తి పాఠం ఒకటి. ఇండియా సెమీకండక్టర్ మిషన్ 2021 డిసెంబరులో వచ్చింది, 76 వేల కోట్ల రూపాయలు. ధొలేరాలో టాటా ఫ్యాబ్, సాణంద్‌లో మైక్రాన్, అస్సాం జాగీరోడ్‌లో ఇంకో యూనిట్. మంచిదే, రావాలి. అయితే ధొలేరాలో గోడ లేస్తే దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ కుర్రాడికి డిజైన్ ఉద్యోగం ఎలా వస్తుందో చెప్పేవాడు లేడు. ఫ్యాబ్ వేరు, డిజైన్ వేరు. హైదరాబాద్‌లో డిజైన్ ఈ పథకాల కంటే ఎప్పుడో ముందు నుంచి ఉంది. మాస్‌చిప్ 1999లో పుట్టింది. ఇక్కడ పెరిగిన రెడ్‌పైన్ వైర్‌లెస్ వ్యాపారాన్ని 2020లో సిలికాన్ ల్యాబ్స్ కొన్నది. క్వాల్‌కామ్, ఏఎండీ జట్లు ఏనాటి నుంచో ఇక్కడ పని చేస్తున్నాయి.

ఫ్యాబ్ పేరుతో మోసపోవడం మన ప్రాంతానికి కొత్తా? 2006లో రావిర్యాల దగ్గర ఫ్యాబ్ సిటీ అన్నారు. ఏఎండీ టెక్నాలజీతో సెమిండియా ఫ్యాబ్ పెడుతుందన్నారు. చుట్టుపక్కల భూముల రేట్లు ఆకాశాన్నంటాయి, ఆ పేరు చెప్పి ప్లాట్లు అమ్ముకున్నారు. ఫ్యాబ్ రాలేదు. సోలార్ ప్యానెళ్ల కంపెనీలు, తర్వాత టీవీల కర్మాగారం వచ్చాయి. అప్పుడు ప్లాటు కొన్న తండ్రులే ఇప్పుడు కొడుకులకి కోర్సు కొంటున్నారు.

అయితే సాఫ్ట్‌వేర్ నుంచి ఎవరూ మారకూడదా అంటే, మారవచ్చు. వెనకాల ఎవరో తరుముతున్నట్టు మారొద్దంటున్నాను. సాఫ్ట్‌వేర్ వచ్చినవాడికి చిప్ కంపెనీలోనే చాలా పని ఉంది, ఆ సంగతి ఫ్లెక్సీల మీద ఉండదు. వెరిఫికేషన్‌లో వాడే సిస్టమ్‌వెరిలాగ్, యూవీఎంలలో క్లాసులు, ఆబ్జెక్టులు జావా వాడికి చుట్టాలే. ఫర్మ్‌వేర్ ఉంది, డ్రైవర్లున్నాయి, కంపైలర్లున్నాయి, చిప్ డిజైన్ చేసే టూల్స్ రాసే పనే ఉంది. ఎన్విడియా ఈ రోజున్న ఎత్తుకు ఎక్కడానికి 2006లో తెచ్చిన 'కూడా' (CUDA) అనే సాఫ్ట్‌వేర్ ఒక పెద్ద నిచ్చెన. ఇందులో ఏది ఎవరికి కుదురుతుందో ఇక్కడ కూర్చుని నేను తేల్చలేను. వాళ్ల ఆఫీసులో, వాళ్ల కాలేజీ సీనియర్లలో అడిగి తెలుసుకోవాలి.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. కంపెనీలు వాడే టూల్స్ సినాప్సిస్, కేడెన్స్, సీమెన్స్ చేతుల్లో ఉన్నాయి. లైసెన్సులు మామూలు మనిషి కొనేవి కావు. "మా దగ్గర అన్ని టూల్సూ ఉన్నాయి" అన్న ఇన్‌స్టిట్యూట్‌ని ఎన్ని లైసెన్సులున్నాయో, ఎవరి పేరు మీదున్నాయో కాగితం చూపించమనండి. పాఠం చెప్పేవాడు ఏ చిప్ టేపవుట్‌లో పనిచేశాడో అడగండి. మాట దాటేస్తే లేచి వచ్చేయండి. డెమో క్లాసులో ఇచ్చిన చాయ్ తాగినంత మాత్రాన రుణపడిపోరు.

అమ్మా, నాన్నా, అప్పు తెచ్చి ఫీజు కట్టే ముందు ఒక్క పని చేయండి. వెరిలేటర్, యోసిస్, ఓపెన్‌రోడ్ అనే టూల్స్ ఉచితం, మీవాడి పాత ల్యాప్‌టాప్ చాలు. స్కైవాటర్ కంపెనీ 130 నానోమీటర్ ఫ్యాబ్ వివరాలు కూడా 2020 నుంచి అందరికీ బాహాటంగా దొరుకుతున్నాయి. ఉద్యోగం మానకుండా, రాత్రిపూట కొన్ని నెలలు ఒక చిన్న కౌంటర్, ఒక యూఆర్ట్ (సీరియల్ పోర్టు సర్క్యూట్) వెరిలాగ్‌లో రాసి, వాటిని పరీక్షించే టెస్ట్‌బెంచ్ రాసి, లేఅవుట్ దాకా తీసుకెళ్లమనండి. విసుగొస్తే ఫీజు మిగిలినట్టు. నిద్ర మానుకుని దాన్నే పట్టుకు కూర్చుంటే, ఇక వాణ్ని ఆపొద్దు.