ఇసుకలో కుర్సురా, దిబ్బపై సియెర్రా

విశాఖ రామకృష్ణా బీచ్‌కు వెళ్లిన తెలుగువాళ్లలో కుర్సురా ఎక్కనివాళ్లు తక్కువ. 1969లో నౌకాదళంలో చేరిన ఆ జలాంతర్గామి 2001లో కొలువు చాలించింది. మరుసటి ఏడాది నుంచి ఇసుక మీద మ్యూజియమై కూర్చుంది. పొడవు 91 మీటర్లు. టికెట్టు కొనుక్కుని ఒక చివర ఎక్కుతాం, ఇరుకు గుమ్మాల్లో తల తగలకుండా వంగి వంగి నడిచి రెండో చివర దిగుతాం, కిందికొచ్చి మురీ మిక్చర్ పొట్లం కట్టించుకుంటాం. రిటైరైన యుద్ధనౌకకు ఇంతకన్నా మర్యాదైన ముసలితనం ఉండదు.

దక్షిణ చైనా సముద్రంలో ఇంకో ముసలి ఓడ ఉంది. పేరు సియెర్రా మాద్రే. కుర్సురా కన్నా మరో తొమ్మిది మీటర్లు పొడవు, పాతికేళ్లు పెద్దది. ఒళ్లంతా తుప్పు, గోడలకు చిల్లులు. నీళ్ల మీద తేలి ఎన్నాళ్లయిందో! అయినా ఫిలిప్పీన్స్ నౌకాదళం లెక్కల్లో అది నేటికీ కొలువులో ఉన్న యుద్ధనౌకే. లోపల గుప్పెడు మంది మెరైన్లు కాపురముంటున్నారు. ఆసియా-పసిఫిక్‌లో నౌకాబలం అంటే ఏమిటో తెలుసుకోవాలనుకునేవాళ్లు విమానవాహక నౌకల బొమ్మలు చూసే ముందు ఈ తుక్కు ఓడ కథ వినాలి.

1944లో అమెరికా ఇండియానా రాష్ట్రంలో యుద్ధట్యాంకులను ఒడ్డుకు దించే ఓడగా పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధం చూసింది, వియత్నాం చూసింది. 1970లో దక్షిణ వియత్నాం చేతికి వెళ్లింది. 1975లో సైగాన్ పడిపోయినప్పుడు పారిపోయిన ఓడలతో పాటు ఫిలిప్పీన్స్ చేరింది. ముగ్గురు యజమానులను మార్చిన ఆ ఓడను 1999లో మనీలా తీసుకెళ్లి సెకండ్ థామస్ అనే పగడపు దిబ్బ మీదికి కావాలనే ఎక్కించేసింది. ఓడ ఇరుక్కుపోయింది, దించలేకపోతున్నాం అన్నారు. నమ్మినవాళ్లు ఎవరూ లేరు. నమ్మించాలని వాళ్లూ అనుకోలేదు.

ఎందుకు ఎక్కించారంటే, నాలుగేళ్ల ముందు దెబ్బ తిన్నారు గనక. అక్కడికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో మిస్‌చీఫ్ అనే మరో దిబ్బ ఉంది. 1995లో అక్కడ చైనా స్తంభాల మీద నిలబెట్టిన గుడిసెలు కనిపించాయి. ఇవేమిటని అడిగితే గాలివానకు మా జాలర్లు తలదాచుకోవడానికి అంది బీజింగ్. ఇవాళ ఆ దిబ్బ మీద రెండున్నర కిలోమీటర్లకు పైగా పొడవున్న రన్‌వే ఉంది. ఎంత పెద్ద జాలర్లో!

పల్లెటూళ్లో పుట్టి పెరిగినవాళ్లకు ఈ కథలో కొత్తేమీ ఉండదు. పక్క పొలం ఆసామి గట్టును ఒక్కసారిగా మింగడు. ఏటా దుక్కి వేళ ఒక్క చాలు ఇవతలికి దున్నుతాడు. అడిగితే నాగలి జారిందంటాడు. ఒక్క చాలు కోసం కత్తులు దూస్తామా అని మనమూ ఊరుకుంటాం. పదేళ్లకు గట్టు మన చేలో ఉంటుంది. అప్పుడు కాస్త తెలివైన రైతు ఏం చేస్తాడు? వివాదం ఉన్న చోట రాత్రికి రాత్రి ఒక పాక వేసి ముసలాయన్ని మంచం మీద కూర్చోబెడతాడు. పాక విలువ వంద రూపాయలు ఉండదు. కానీ దాన్ని పీకాలంటే ముసలాయన మీద చెయ్యి వేయాలి. చెయ్యి వేస్తే కేసు. సియెర్రా మాద్రే ఆ పాక. కేసు పెట్టే పెద్దమనిషి అమెరికా. ఫిలిప్పీన్స్ ఓడ మీద దాడి జరిగితే ఆదుకుంటామని 1951లోనే ఒప్పందం రాసిచ్చింది. తుప్పు పట్టిన ఓడను జాబితాలోంచి తీసేయకపోవడంలో మర్మం అదే.

నాలుగైదేళ్లుగా మన పత్రికల్లో ఈ ప్రాంతం గురించి వచ్చే రాతల్లో సగం ఓడల లెక్కలే. చైనా దగ్గర 370కి పైగా యుద్ధనౌకలూ జలాంతర్గాములూ ఉన్నాయని పెంటగాన్ చెబుతుంది. అమెరికావి 300కు లోపు. ఉక్రెయిన్ నుంచి కొన్న పాత పెంకును బాగుచేసి లియావోనింగ్ అని పేరు పెట్టుకున్న దేశం ఇప్పుడు ఫూజియాన్ లాంటి విమానవాహక నౌకను సొంతంగా కట్టుకుంది. నిజమే, ఆ లెక్కలు అక్కర్లేదని అనను. తైవాన్ కోసం యుద్ధమంటూ వస్తే అవే తేలుస్తాయి. కానీ సముద్రం చేతులు మారుతున్నది యుద్ధంలో కాదు. రోజువారీ తోపులాటలో.

ఆ తోపులాటలో బూడిదరంగు యుద్ధనౌక దిగంతం దగ్గర ఎక్కడో నిలబడి చూస్తుంది. ముందుకొచ్చేది తెల్లరంగు కోస్ట్‌గార్డ్ ఓడ. తెల్లది గనక పోలీసు కింద లెక్క. పోలీసు తోస్తే యుద్ధం అనరు. చైనా తెల్ల ఓడల్లో ఒకటి 12 వేల టన్నులు. చాలా దేశాల యుద్ధనౌకలు దాని పక్కన పడవల్లా ఉంటాయి. దాని వెనుక చేపల పడవలు వస్తాయి, వందల్లో. 2021లో విట్సన్ అనే దిబ్బ దగ్గర రెండు వందలకు పైగా పడవలు ఒకదానికొకటి తాళ్లతో కట్టుకుని వారాల తరబడి నిలబడ్డాయి. వలలు వేయలేదు. వేటకు వెళ్లి వల వేయని జాలరిని మన భీమిలిలోనో ఉప్పాడలోనో చూపించండి, నేను కాలమ్ రాయడం మానేస్తాను.

2012లో స్కార్‌బరో దిబ్బ దగ్గర ఈ నియమం తెలియక మనీలా కాలు జారింది. చైనా జాలర్లను పట్టుకోవడానికి నేరుగా నౌకాదళం ఓడను పంపింది. అంతే, ముందు సైన్యాన్ని దించింది మీరేనంటూ చైనా తెల్ల ఓడలు అడ్డొచ్చాయి. రెండు నెలలు ఎదురెదురుగా నిలబడ్డాక ఫిలిప్పీన్స్ ఓడలు వెనక్కి వెళ్లాయి. చైనావి వెళ్లలేదు. ఆ రోజు నుంచి దిబ్బ చైనా అధీనంలోనే ఉంది. తరతరాలుగా అక్కడ వేటాడిన లూజాన్ తీరపు జాలర్లు ఇప్పుడు దూరం నుంచి చూసి, నీళ్ల ఫిరంగి దెబ్బ తిని తిరిగొస్తున్నారు. సెకండ్ థామస్, స్కార్‌బరో దిబ్బలను పక్కపక్కన పెట్టి చూడండి. నిలబడిన చోట దక్కింది, కదిలిన చోట పోయింది. బలాబలాల్లో తేడా రెండుచోట్లా ఒక్కటే.

నిలబడటం తేలికేమీ కాదు. సియెర్రా మాద్రేలోని వాళ్లకు బియ్యం, నీళ్లు పడవల మీద వెళ్లాలి. దారిలో అడ్డుకుంటారు. 2024 మార్చి 5న నీళ్ల ఫిరంగి ధాటికి సరుకుల పడవ అద్దం పగిలి నలుగురు గాయపడ్డారు. అదే ఏడాది జూన్ 17న చైనా కోస్ట్‌గార్డ్ మనుషులు కత్తులు, గొడ్డళ్లు పట్టుకుని ఫిలిప్పీన్స్ పడవల మీదికి వచ్చారు. ఒక నావికుడి బొటనవేలు తెగిపోయింది. ఒక్క తూటా పేలలేదు. అణ్వస్త్ర దేశం గొడ్డలి పట్టుకు దిగిందంటే, తూటా పేలకూడదన్న పట్టింపు ఎంత గట్టిదో చూడండి. పేలితే కేసు పెట్టే పెద్దమనిషి ఉన్నాడు కదా. నెల దాటాక రెండు దేశాలూ సరుకుల పడవల విషయంలో ఒక తాత్కాలిక ఏర్పాటు చేసుకున్నాయి. తర్వాత ఆ దిబ్బ దగ్గర కొంత సద్దుమణిగింది.

మనీలా ఇంకో పని కూడా చేసింది. 2023 నుంచి తన కోస్ట్‌గార్డ్ ఓడల్లో విలేకరులను ఎక్కించుకుపోతోంది. కెమెరా ముందు తోసేవాడికి నాగలి జారిందని చెప్పే వీలు ఉండదు. 2025 ఆగస్టు 11న స్కార్‌బరో దగ్గర ఫిలిప్పీన్స్ ఓడ సులువాన్‌ను తరుముతూ చైనా కోస్ట్‌గార్డ్ ఓడ వెళ్లి వెళ్లి తన దేశపు యుద్ధనౌకనే గుద్దుకుంది. ముందుభాగం నుజ్జయింది. ప్రపంచమంతా ఆ వీడియో చూసింది. నవ్వు రాలేదంటే అబద్ధం. ఆ ముందుభాగంలో మనుషులు ఉండి ఉంటారని గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

మనీలా మచ్చలేనిదేమీ కాదు. దిబ్బ మీద ఓడ ఎక్కిస్తే పగడాలకు మేలు జరగదు. ఆ ఓడను లాక్కెళ్తామని మాట ఇచ్చారని చైనా అంటే, అలాంటి మాట ఉందని తనకు తెలియదని, ఉంటే దాన్ని రద్దు చేస్తున్నానని 2023లో అధ్యక్షుడు మార్కోస్ తేల్చేశారు. వియత్నాం కూడా కొన్నేళ్లుగా తన దిబ్బల మీద జోరుగా మట్టి పోస్తోంది. ఊళ్లో ఒకడు గట్టు చెక్కడం మొదలెడితే మిగతావాళ్లూ గునపాలు తీస్తారు.

ఇక డిక్రీ సంగతి. 2013లో ఫిలిప్పీన్స్ హేగ్‌లోని మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్లింది. 2016 జులై 12న తీర్పు వచ్చింది. తొమ్మిది గీతలు గీసి దాదాపు సముద్రమంతా తనదన్న చైనా వాదనకు చట్టంలో చోటు లేదని, మిస్‌చీఫ్, సెకండ్ థామస్ దిబ్బలు రెండూ ఫిలిప్పీన్స్ ప్రత్యేక ఆర్థిక మండలి లోపలివేనని న్యాయమూర్తులు చెప్పారు. చైనా విచారణకే రాలేదు, తీర్పును చిత్తుకాగితం అంది. డిక్రీ గెలిచి పొజిషన్ దక్కని రైతులు మన సివిల్ కోర్టుల చుట్టూ ఎంతమంది తిరుగుతున్నారో! వాళ్లకు కనీసం డిక్రీ అమలు చేయించే అమీను అనేవాడు ఒకడు ఉంటాడు. హేగ్ కోర్టుకు అమీను లేడు.

ఇక్కడే మన సంగతి వస్తుంది. మనం ఏం చేస్తున్నామంటే అందరూ బ్రహ్మోస్ పేరు చెబుతారు. 2022లో దాదాపు 37 కోట్ల 50 లక్షల డాలర్ల ఒప్పందం కుదిరి, 2024 ఏప్రిల్‌లో తొలి విడత క్షిపణులు మనీలా చేరాయి. బ్రహ్మోస్‌ను జోడించే కేంద్రం మన హైదరాబాద్‌లోనూ ఉంది కాబట్టి మనకు ఇంకాస్త మురిపెం. 2025 ఆగస్టులో మన నౌకలు ఢిల్లీ, శక్తి, కిల్టన్ దక్షిణ చైనా సముద్రంలో ఫిలిప్పీన్స్ నౌకలతో కలిసి తొలిసారి గస్తీ విన్యాసం చేశాయి. సంతోషం. కానీ ధ్వనికి దాదాపు మూడింతల వేగంతో పోయే క్షిపణిని నీళ్ల ఫిరంగి మీదా, వల వేయని చేపల పడవ మీదా ప్రయోగించలేరు. అది యుద్ధానికి పనికొచ్చే సరుకు. యుద్ధం కాకుండా ఉన్నంతకాలం అది గోడకు వేలాడే తుపాకీ.

మన దగ్గర అంతకన్నా పనికొచ్చేది ఒకటుంది. దాని గురించి ఢిల్లీ పెద్దగా మాట్లాడదు. బంగాళాఖాతంలో సరిహద్దు తగువు మీద బంగ్లాదేశ్ మనల్ని ఇలాంటి కోర్టుకే లాగింది. 1970 తుపాను తర్వాత తేలిన న్యూమూర్ అనే చిన్న దిబ్బ కోసం రెండు దేశాలూ గట్టిగానే తగువుపడ్డాయి. చివరికి సముద్రమే ఆ దిబ్బను మింగేసింది. 2014 జులై 7న తీర్పు వచ్చింది. వివాదంలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు దక్కాయి. నూటికి 76 పాళ్లు పోగొట్టుకుంది మనం. మన విశాఖలో ఉన్న తూర్పు నౌకాదళం ముందు బంగ్లాదేశ్ నౌకాదళం ఎంత? అయినా విచారణకు వెళ్లాం, వాదించాం, ఓడిపోయాం, ఒప్పుకున్నాం. తీర్పు వచ్చాక తెల్ల ఓడలూ పంపలేదు, బూడిదరంగు ఓడలూ పంపలేదు.

పెద్ద దేశం చిన్న దేశానికి ఓడి సంతకం పెట్టడం ఈ ఆసియాలో ఎంత అరుదో ఆలోచించండి. అంతటి నైతిక బలం చేతిలో ఉంచుకుని 2016 తీర్పు వచ్చినప్పుడు మన విదేశాంగ శాఖ ‘గమనించాం’ అని ఊరుకుంది. తీర్పును పాటించాలన్న మాట ఫిలిప్పీన్స్‌తో కలిసి అనడానికి 2023 జూన్ దాకా పట్టింది. ఏడేళ్లు. ఎవరికి కోపమొస్తుందని జంకామో అందరికీ తెలుసు. అప్పటికి గల్వాన్ లోయలో చైనాతో జరిగిన ఘర్షణలో ఇరవై మంది జవాన్లను పోగొట్టుకుని మూడేళ్లయింది. జంకినందుకు ఒరిగిందేమిటి?

గీత తేలని చోట నలిగేది జాలరి. శ్రీకాకుళం నుంచి గుజరాత్ వెళ్లి వేట చేస్తూ, 2018లో తెలియక గీత దాటి పాకిస్తాన్ జైల్లో ఏడాదికి పైగా మగ్గిన మన మత్స్యకారుల కథ ‘తండేల్’ సినిమా అయింది. సముద్రంలో గీత కనపడదు. అది ఎక్కడుందో ఇరుపక్షాలూ ఒప్పుకున్న చోట జాలరికి ఆ భయం కొంతైనా తగ్గుతుంది.

ఏటా జులై 12న మనీలా తన తీర్పును గుర్తుచేస్తూ ఒక ప్రకటన ఇస్తుంది. దానికి ఐదు రోజుల ముందు జులై 7 మనది. ఆ రోజున మేం ఓడిపోయాం, ఒప్పుకున్నాం, మీరూ ఒప్పుకోండి అని ఢిల్లీ మూడు ముక్కలు రాసి విడుదల చేయాలి. ఖర్చు ఒక కాగితం.