గూగుల్ తీసేస్తే ఫోన్ భద్రమైనట్టేనా?

2020 నవంబరులో అమెరికా వార్తా సంస్థ మదర్‌బోర్డ్ ఓ కథనం బయటపెట్టింది. నమాజ్ వేళలు, ఖిబ్లా దిశ చూసుకోవడానికి కోట్ల మంది డౌన్‌లోడ్ చేసుకున్న ముస్లిం ప్రో యాప్ నుంచి లొకేషన్ వివరాలు ఎక్స్-మోడ్ అనే కంపెనీకి, అక్కడి నుంచి కాంట్రాక్టర్ల ద్వారా అమెరికా సైన్యానికి చేరాయన్నది దాని సారాంశం. ఎక్స్-మోడ్‌తో తెగతెంపులు చేసుకుంటున్నట్టు యాప్ యాజమాన్యం ప్రకటించింది. ఆ కంపెనీ సున్నితమైన లొకేషన్ డేటా అమ్మకుండా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆంక్షలు పెట్టింది. అది 2024 జనవరిలో!

ఇక్కడ ఎవరి ఫోనూ హ్యాక్ కాలేదు. లొకేషన్‌కు అనుమతి ఇచ్చింది ఫోన్ యజమానే. 2021లో మన దేశాన్ని కుదిపేసిన పెగాసస్ సంగతి వేరు. అది ఏమీ నొక్కకుండానే ఫోన్‌లోకి చొరబడే స్పైవేర్. మొదటిది గోప్యత సమస్య, రెండోది భద్రత సమస్య. గూగుల్‌కు ప్రత్యామ్నాయంగా వస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్‌ల విషయంలో చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తున్నారు.

ఫ్రాన్స్‌కు చెందిన గేల్ డ్యువాల్ మొదలుపెట్టిన ఇ-ఓఎస్‌నే తీసుకుంటే, అది లినేజ్ ఓఎస్ ఆధారంగా తయారైంది. గూగుల్ సర్వీసులు తీసేసి, వాటి స్థానంలో మైక్రో-జి పెడుతుంది. పాత ఫోన్ల మీద కూడా నడుస్తుంది. గూగుల్‌కు వెళ్లే సమాచారం బాగా తగ్గుతుంది, నిజమే. కానీ సెక్యూరిటీ అప్‌డేట్లు ఆలస్యంగా వస్తాయన్న విమర్శ ఉంది. పైగా చాలా మోడళ్లలో బూట్‌లోడర్ తెరిచే ఉంచాలి. ఫోన్ ఆన్ అయ్యేటప్పుడు లోపలున్నది అసలు సాఫ్ట్‌వేరేనా అని చూసే కాపలా అది. ఆ కాపలా లేకపోతే, ఫోన్ కాసేపు ఇతరుల చేతికి చిక్కినా సిస్టమ్‌ను మార్చేసే వీలుంటుంది.

గ్రాఫీన్ ఓఎస్ దారి వేరు. దాని పట్టు ముందు భద్రత మీదే. బూట్‌లోడర్‌ను మళ్లీ లాక్ చేస్తుంది, అప్‌డేట్లు త్వరగా ఇస్తుంది. గూగుల్ ప్లే కావాలంటే ప్రత్యేక అధికారాలేవీ లేని మామూలు యాప్‌లాగా పెట్టుకోవచ్చు. ఏ యాప్‌కైనా ఇంటర్నెట్ పూర్తిగా ఆపేసే స్విచ్ ఉంటుంది. నమాజ్ వేళల లెక్కకు ఊరు, తేదీ తెలిస్తే చాలు, నెట్ అక్కర్లేదు కదా! తమాషా ఏంటంటే, ఇన్నేళ్లుగా ఇది నడిచేది గూగుల్ తయారుచేసే పిక్సెల్ ఫోన్ల మీదే. గూగుల్ నుంచి తప్పించుకోవాలంటే ముందు గూగుల్ ఫోనే కొనాలన్నమాట.

అసలు చిక్కు బ్యాంకు యాప్‌ల దగ్గర వస్తుంది. ఫోన్ నమ్మదగిందేనా అని తేల్చడానికి చాలా యాప్‌లు గూగుల్ వారి ప్లే ఇంటెగ్రిటీ పరీక్ష మీద ఆధారపడతాయి. గూగుల్ సర్టిఫికెట్ లేనందున గ్రాఫీన్ ఇందులో పూర్తిగా నెగ్గదు. ఏళ్లుగా అప్‌డేట్ రాని పాత ఆండ్రాయిడ్ ఫోన్ మాత్రం మామూలు స్థాయి పరీక్షలో పాస్ కావచ్చు. ఈ పద్ధతిని భద్రత అనడం కష్టం, గూగుల్ ముద్ర ఉందా లేదా అన్నదే లెక్క. చాయ్ డబ్బులు కూడా యూపీఐలో కట్టే హైదరాబాద్‌లో ఇది చిన్న ఇబ్బంది కాదు.

ఏ ఓఎస్సూ ఆపలేనివీ ఉన్నాయి. 2021 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు రోడ్డు మీద జనాన్ని ఆపి, గంజాయి కోసమంటూ వాట్సాప్ చాట్‌లు వెతికిన వీడియోలు గుర్తుండే ఉంటాయి. లాక్ తీసి ఫోన్ చేతికిచ్చాక ఏ సిస్టమ్ అయినా ఒకటే.

ఇవన్నీ చూసుకుని కూడా గ్రాఫీన్ వైపు వెళ్లాలనుకునేవారు కొనే ముందే ఒకటి అడగాలి. అమెరికాలో వెరైజన్ కంపెనీ అమ్మిన పిక్సెల్‌లలో బూట్‌లోడర్ తెరుచుకోదు, వేరే ఓఎస్ ఎక్కదు. అక్కడి నుంచి బంధువులు తెచ్చే ఫోన్లలో, సెకండ్ హ్యాండ్ మార్కెట్లో తక్కువ ధరకు దొరికేవాటిలో అలాంటివీ ఉండొచ్చు. డబ్బు కట్టకముందే సెట్టింగ్స్‌లో డెవలపర్ ఆప్షన్స్ తెరిచి, ఓఈఎం అన్‌లాకింగ్ పనిచేస్తోందో లేదో చూసుకోవాలి.