బిల్లును చివరి సంతకం దాకా గమనించాలి

1898 నాటి తపాలా చట్టం, 1905 నాటి రైల్వే బోర్డు చట్టం రెండూ కలకత్తా రాజధానిగా ఉన్న కాలంలో పరాయి ప్రభుత్వం చేసినవి. మొదటిది 2023 తపాలా చట్టంతోను, రెండవది 2025 రైల్వే సవరణ చట్టంతోను రద్దయినవి. చట్టాలు మారే ఈ కాలంలో కార్మికవర్గం పాత అనుభవమొకటి గుర్తుంచుకోవాలి.

ఉత్తరాలను అడ్డగించే ప్రభుత్వాధికారాన్ని విస్తృతం చేసే తపాలా సవరణ బిల్లును 1986లో ఉభయసభలు ఆమోదించినవి. రాష్ట్రపతి జైల్ సింగ్ దానిపై సంతకం చేయలేదు, తిప్పి పంపనూ లేదు. రాజ్యాంగం 111వ అధికరణం ఆయనకు గడువు విధించలేదు. 1990లో రాష్ట్రపతి వెంకట్రామన్ దానిని పునఃపరిశీలనకు పంపారు. 2002లో ప్రభుత్వమే ఉపసంహరించుకొన్నది.

అంతటితో ఆ అధికారం అంతరించలేదు. 2023 చట్టం 9వ సెక్షనులో ఉత్తరాలను అడ్డగించి తెరిచే అధికారం తిరిగి చోటు చేసుకొన్నది. ఆ చట్టం 2024 జూన్ 18న అమలులోకి వచ్చినది. ఒక బిల్లు ఆగినంత మాత్రాన దాని వెనుకనున్న ఉద్దేశం ఆగదు.

కనుక కోల్‌కతా, ఖరగ్‌పూర్ మొదలు ప్రతి శాఖలోను ఒక రిజిస్టరు ఉండాలని మేము కోరుతున్నాము. బిల్లు ప్రవేశపెట్టిన తేదీ, దానికి జతపరచిన ఉద్దేశాల ప్రకటన, స్థాయీసంఘానికి పంపినదీ లేనిదీ, సభలో మంత్రి సమాధానం, రాష్ట్రపతి ఆమోదం, అమలు తేదీ ప్రకటన, పిదప వెలువడే నిబంధనలు అందులో వరుసగా నమోదు కావాలి. మహాజరులు పంపవలసినది బిల్లు సభ ముందున్నప్పుడే. గెజెట్టులో అచ్చయిన పిమ్మట మిగిలేది సుదీర్ఘ పోరాటమే.