పదిహేడో నంబరు బోరు

మురమళ్ళలో మా మామయ్యగారి పెరట్లో ఒక చేతిపంపు ఉంది. మూడేళ్ల కిందట ఎండాకాలంలో ఓ పరిశోధక విద్యార్థి సంచీ నిండా ప్లాస్టిక్ సీసాలతో వచ్చాడు. కాసేపు పంపు కొట్టి గొట్టంలో నిలవున్న నీళ్లు పారబోశాడు. సీసాని అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి, అంచుదాకా నింపి, మూత మీద మార్కర్‌తో 17 అని రాసుకున్నాడు. బొండం కొట్టిస్తే తాగాడు. వెళ్లబోతుంటే మామయ్య అడిగింది ఒక్కటే: "ఇంతకీ మా నీళ్లు పనికొస్తాయా బాబూ?" రిజల్టు రాగానే చెబుతానండీ అన్నాడు. మళ్లీ రాలేదు. ఏ విశ్వవిద్యాలయం నుంచి వచ్చాడన్నది ఇక్కడ అనవసరం. ఎక్కడి నుంచి వచ్చినా జరిగేది ఇంతే.

ఆ కుర్రాణ్ణి తప్పుపట్టడానికి కాదు ఇది రాస్తున్నది. తిరిగి రాకుండా అతన్ని ఆపింది ఏమిటో చూద్దామని.

మురమళ్ళ పేరు చెప్పగానే అందరికీ వీరేశ్వరస్వామి నిత్యకల్యాణం గుర్తొస్తుంది. వృద్ధ గౌతమి ఒడ్డున ఉన్న ఈ గుడి పూర్వం వేరేచోట ఉండేదనీ, వరదకు గోదావరి ఆ గట్టు కోసేస్తే స్వామిని ఇక్కడికి తెచ్చుకున్నారనీ స్థలపురాణం. నది కోస్తుందన్న భయం దేవుడి కథలోకే ఎక్కిన ఊరు. 1996 నవంబరు తుపానులో ఇదే ఐ.పోలవరం మండలంలోని భైరవపాలెం ఎంతమందిని పోగొట్టుకుందో ఇక్కడివాళ్లకు చెప్పాల్సిన పని లేదు. నేల ఉంటుందా, నీళ్లు ఉప్పనవుతాయా, రొయ్యల చెరువు పక్కనున్న కొబ్బరితోట ఎన్నేళ్లు కాపు కాస్తుంది? ఇక్కడ అరుగుల మీద సాగే చర్చల్లో సగం ఇవే.

వీటిలో కొన్నింటికి జవాబులు ఉన్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో డెల్టా అధ్యయనాలకే ఒక సంస్థ ఉంది. అక్కడి జియో ఇంజనీరింగ్ విభాగం పరిశోధకులు గోదావరి ఏటా సముద్రానికి మోసుకెళ్లే ఒండ్రు లెక్కలు తీశారు. 1970లలో సుమారు 15 కోట్ల టన్నులున్నది, 2000 తర్వాతి తొలి ఏళ్లకు ఆరు కోట్ల టన్నుల లోపుకి పడిపోయిందని 2010లో ప్రచురించారు. కారణం పైన కట్టిన ఆనకట్టలు. ఒండ్రు వాటి వెనకే ఆగిపోతే డెల్టాకి మేత ఉండదు. మేత లేని డెల్టాని సముద్రం కొరుక్కు తింటుంది. కోనసీమ బతుకుకి ఇంతకంటే పెద్ద వార్త లేదు. అది ఇంగ్లీషు పత్రికలో అచ్చయింది. ముమ్మిడివరం, అమలాపురం డిగ్రీ కాలేజీల్లో భూగోళం చదివే పిల్లల్లో ఆ మాట ఎందరి చెవిన పడింది?

ఇది ఒక్క విభాగం ఘనత కాదు. 1926లో బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరు చేరిన ఆ విశ్వవిద్యాలయానికి కట్టమంచి రామలింగారెడ్డి తొలి వైస్ ఛాన్సలర్, తర్వాత సర్వేపల్లి రాధాకృష్ణన్. సూరి భగవంతం భౌతికశాస్త్రం చెప్పిన చోటు. గణాంకశాస్త్రానికే పెద్దదిక్కయిన సి.ఆర్.రావు గణితంలో ఎంఏ చేసింది అక్కడే. 1950లలో లాఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త వచ్చి అక్కడి విద్యార్థులను వెంటబెట్టుకుని తీరం దగ్గర సముద్రగర్భాన్ని కొలిచాడు. అప్పుడు బయటపడ్డ లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. ఒకటి విశ్వవిద్యాలయం పేరు, ఒకటి భూగర్భశాస్త్ర ఆచార్యుడిది, ఒకటి వైస్ ఛాన్సలర్ వి.ఎస్.కృష్ణది. సముద్రం అడుగున పేరు రాసుకున్న విద్యాసంస్థలు ఎన్ని ఉంటాయి?

అలాంటి చోటికి మావైపు పిల్లలు వెళ్లడం ఒకప్పుడు తేలిక కాదు. మురమళ్ళకు చేరువలోనే ఎదుర్లంక. అక్కడ పుట్టిన జీఎంసీ బాలయోగి చిన్నప్పుడు బడికోసం గుత్తెనదీవి నడిచి వెళ్లారు. కాకినాడలో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లా పట్టా పుచ్చుకుని, లోక్‌సభ స్పీకరయ్యారు. ఆరోజుల్లో యానాం వెళ్లాలంటే గౌతమి మీద పంటే గతి. ఇప్పుడు ఆయన పేరుతో వంతెన ఉంది. బస్సెక్కితే కాకినాడ, అక్కడ రైలెక్కితే విశాఖ. దారి సులువైంది, దారి చివర ఉన్నదే పలచబడింది.

నా లెక్కలో అసలు జబ్బు ఇక్కడుంది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ ఒకేసారి ఎనిమిది మందికి, అసోసియేట్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మాత్రమే గైడ్‌గా ఉండొచ్చు. రిటైర్మెంటుకు మూడేళ్లలోపే ఉంటే కొత్తవాళ్లను తీసుకోకూడదు. గైడ్ పూర్తికాలపు రెగ్యులర్ అధ్యాపకుడే కావాలి. గెస్ట్ ఫ్యాకల్టీ ఎంత గొప్పగా పాఠం చెప్పినా పీహెచ్‌డీ చేయించలేడు. నిబంధనలు మంచివే. కానీ ఏళ్ల తరబడి నియామకాలు లేని విభాగంలో వీటిని పెడితే ఏమవుతుంది? పెద్దాయన రిటైరైన రోజున ఒక కుర్చీతోపాటు ఎనిమిది పరిశోధనలకు చోటు కూడా పోతుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో మూడు వేలకు పైగా పోస్టులకు 2023 చివర్లో నోటిఫికేషన్లిచ్చారు. అవి వ్యాజ్యాల్లో చిక్కుకున్నాయి.

వీరేశ్వరుడికి రోజూ పెళ్లి జరుగుతోందంటే రోజూ అర్చకులు ఉన్నారు గనక. వచ్చే కల్యాణానికి గెస్టు పురోహితుణ్ణి చూద్దాంలే అని దేవస్థానం అనుకుంటుందా? (అనుకోకూడదనే స్వామిని కోరుకుంటున్నా.)

డబ్బు సంగతి కూడా చూడాలి. నెట్‌లో జేఆర్ఎఫ్ కొట్టినవాడికి నెలకు 37,000 వస్తుంది. కొట్టలేనివాడు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఉంటే యూజీసీ నుంచి 8,000 అయినా వస్తుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఉంటే ఆ సొమ్మూ లేదు. మెస్ బిల్లుకి ట్యూషన్లు చెప్పుకుంటూ, కోచింగ్ సెంటర్లో గ్రూప్స్ పాఠాలు చెప్పుకుంటూ, సొంత ఖర్చుతో సీసాలు కొనుక్కుని మురమళ్ళ వచ్చాడేమో మా పదిహేడో నంబరు కుర్రాడు. రిజల్టు చెప్పడానికి మరోసారి రానుపోను చార్జీలు ఎవరిస్తారు? సిద్ధాంత వ్యాసం సమర్పించేటప్పుడు ఎన్నో సంతకాలు అడుగుతారు. నీళ్లిచ్చిన ఊరికి ఫలితం చెప్పావా అని మాత్రం ఎవరూ అడగరు.

అడగాలి. అందుకు కొత్త చట్టమేమీ అక్కర్లేదు. ఏ ఊళ్లో మట్టి తవ్వినా, నీళ్లు పట్టినా, జనాన్ని ప్రశ్నలడిగినా, ఆ ఊరి పంచాయతీకి నాలుగు పేజీల తెలుగు సారాంశం అందిందన్న రసీదు జతచేస్తేనే వైవాకు పిలవాలి. ఆ ప్రయాణం ఖర్చు విశ్వవిద్యాలయమే పెట్టుకోవాలి. విశ్వవిద్యాలయం అకడమిక్ సెనేట్ ఒక్క తీర్మానం చేస్తే సరిపోతుంది. పోస్టుల సంగతి మాత్రం ప్రభుత్వానిది; రెగ్యులర్ నియామకాలు చేయకపోతే, ఆ సారాంశం రాసే విద్యార్థీ ఉండడు, దిద్దే గైడూ ఉండడు.

మామయ్య ఆ పంపు నీళ్లే ఇంకా వాడుతున్నాడు.