కవరులో మగ్గుతున్న లెక్కలు

పెద్దపేగు క్యాన్సర్‌కు కీమో నడుస్తున్నవాళ్లకు ప్రతి విడతకూ ముందు సీబీపీ రక్తపరీక్ష చేయిస్తారు. విజయవాడ సూర్యారావుపేట ఆసుపత్రులకు గుడివాడ నుంచో, అవనిగడ్డ నుంచో వచ్చే రోగి చేతి కవరులో ఆ కాగితాలే దొంతరగా ఉంటాయి. హిమోగ్లోబిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు చూస్తారు. సరిపోతే మందు ఎక్కిస్తారు. కాగితం మళ్లీ కవరులోకి వెళ్లిపోతుంది.

దాంట్లోనే ఇంకో సంగతి ఉంది. తెల్లకణాల్లోని న్యూట్రోఫిల్స్ శాతాన్ని లింఫోసైట్స్ శాతంతో భాగిస్తే వచ్చే అంకెను ఎన్‌ఎల్‌ఆర్ అంటారు. 72, 18 ఉంటే 4. ఒంట్లో వాపు ప్రక్రియ ముదిరితే మొదటివి పెరుగుతాయి, కణితిని ఎదుర్కొనే రెండోవి తగ్గుతాయి. చికిత్సకు ముందే ఈ అంకె ఎక్కువగా ఉన్న జీర్ణకోశ క్యాన్సర్ రోగులు తక్కినవారంతగా కోలుకోవడం లేదని ఎన్నో దేశాల పరిశోధనల్లో తేలింది. జ్వరం తగిలినా, స్టెరాయిడ్ వాడినా ఇది పెరుగుతుంది కనుక ఒక్క రిపోర్టు చూసి బెంబేలెత్తనక్కర్లేదు. తేదీల వారీగా రాసుకుంటే దాని నడక తెలుస్తుంది. పైసా అదనపు ఖర్చు లేని ఈ పని ఎందుకు చేయం? 1965లో మాంట్రియల్‌లో కనిపెట్టిన సీఈఏ అనే క్యాన్సర్ సూచికను కూడా డాక్టర్లు ఇలాగే, వరసగా చూసుకుంటూ వస్తారు.

ఇక బయాప్సీ ముక్కపై చేసే ఎంఎంఆర్ పరీక్ష. డీఎన్‌ఏ పొరపాట్లను సరిదిద్దే ఏర్పాటు కణితిలో లోపించిందేమో ఇది చెబుతుంది. ఆ లోపమున్న కణితులు కొన్నే, కానీ ఇమ్యునోథెరపీకి బాగా లొంగుతాయి. 2022లో న్యూయార్క్ స్లోన్ కెటరింగ్ వైద్యులు డోస్టార్లిమాబ్ మందు పూర్తిగా ఇచ్చిన, ఈ లోపమున్న 12 మంది పురీషనాళ క్యాన్సర్ రోగుల్లోనూ, కత్తి పెట్టకుండానే కణితి జాడ లేకుండా పోయింది. పరీక్షే చేయకపోతే అలాంటి రోగి మన మధ్య ఉన్నా మనకు తెలియదు.

క్యాన్సర్‌కూ ఒంట్లోని సూక్ష్మజీవులకూ ఉన్న ముడి కథ మాత్రం ఇంకా సగంలోనే ఉంది. కడుపులో చేరే హెలికోబ్యాక్టర్ పైలోరీని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1994లోనే క్యాన్సర్ కారకమని తేల్చింది. చిగుళ్లలో ఉండే ఫ్యూసోబ్యాక్టీరియం న్యూక్లియేటమ్ పెద్దపేగు కణితుల్లో గుమిగూడుతోందని 2012లో బయటపడింది. అది కణితితోపాటే కాలేయం దాకా ప్రయాణిస్తోందని 2017లో తెలిసింది. అయినా మలపరీక్షలో ఈ జీవుల లెక్క చూసి క్యాన్సర్ తిరగబెట్టిందో లేదో చెప్పే రోజు ఇంకా రాలేదు. వస్తుందని నా నమ్మకం. ఈలోగా ఎవరైనా అలాంటి పరీక్షను వేలకు వేలు పోసి చేయించుకోమంటే మీ ఆంకాలజిస్టును అడగందే డబ్బు కట్టకండి.

పేగుల్లోని జీవులు తినే తిండిని బట్టి, వాడే మందులను బట్టి మారతాయి. పాశ్చాత్య నగరాల మనుషులను చూసి కట్టిన కొలత, పూటపూటా అన్నం, పెరుగు, ఊరగాయ తినే దివిసీమ మనిషికి ఎలా సరిపోతుంది? పైగా మనకు జలుబు చేసినా మందుల షాపుకెళ్లి అజిత్రోమైసిన్ అడిగి తెచ్చుకునే అలవాటు. యాంటీబయాటిక్స్ వాడినవారికి ఇమ్యునోథెరపీ అంతగా పనిచేయలేదని 2018లో ఫ్రాన్స్ పరిశోధకులు ఊపిరితిత్తులు, మూత్రపిండాల క్యాన్సర్ రోగుల్లో గమనించారు. ఈ కృష్ణా డెల్టాలో ఆ సంగతిని ఇంకెంత పట్టించుకోవాలి!

మన కొలత మనమే కట్టుకోవచ్చు. 1986లో మొదలైన ఆరోగ్య విశ్వవిద్యాలయం విజయవాడలోనే ఉంది. సిద్ధార్థ వైద్య కళాశాల ఉంది. ఎండీ విద్యార్థులకు ఏటా థీసిస్ అంశాలు కావాలి. కృష్ణా డెల్టా రోగుల రక్తం, మలం నమూనాలను వారి అనుమతితో భద్రపరిచి, చికిత్స పొడుగునా పోల్చే పనిని వాళ్లకు అప్పగించాలి. మొదటి నమూనా మాత్రం రోగి చేరిన రోజే, యాంటీబయాటిక్ ఒక్క డోసైనా పడకముందే తీయాలి. ఆ తర్వాత తీస్తే పోల్చుకోవడానికి అసలు లెక్క మిగలదు.